చెయ్యి అరగదీసిన చోటు

పొలాలకు కరెంటు మోటార్లు రాకముందు తెలుగు పల్లెల్లో బావి గట్టున ఆయిలింజను ఉండేది. చాలాచోట్ల ఇప్పటికీ ఉంది, దానికి పనే లేదు. సిమెంటు దిమ్మె మీద నాలుగు బోల్టులతో బిగించిన ఇనప దేహం, పక్కన నడుమెత్తు చక్రం, పైన డీజిలు ట్యాంకు, చుట్టూ తుమ్మకంప. సెలవులకు ఊరికి వెళ్ళినవాళ్ళలో ఫోటోల సరదా ఉన్నవాళ్ళెవరైనా దాన్ని చూసి ఆగకుండా ఉండలేరు. ఫోను బయటికి తీస్తారు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఇంజను మొత్తం పట్టేలా ఒక ఫోటో తీస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే అందులో ఓ తుక్కు సామాను, బోలెడంత కంప, వెనకెక్కడో ఎవరిదో ప్లాస్టిక్ బకెట్టు. బావి దగ్గర నిలబడినప్పుడు మనసును లాగినదేదో అందులో ఉండదు.

లాగినది ఇంజను మొత్తం కాదు కాబట్టే ఉండదు. కన్ను అక్కడ ఒకటో రెండో చోట్ల నిలిచింది, మిగతాదంతా వదిలేసింది. కెమెరా దేన్నీ వదలదు. వదిలే పని తీసేవారిదే. పాత యంత్రాల క్లోజప్ ఫోటోగ్రఫీలో సగానికి పైగా నేర్చుకోవాల్సింది ఇదే: ఏది ఉంచాలో కంటే ముందు, ఏది బయట పెట్టాలో.

మరి ఏది ఉంచాలి? కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా తుప్పును ఉంచుతారు. తుప్పు రంగు అందంగానే ఉంటుంది. కానీ తుప్పు పట్టిన రేకు ఎక్కడిదైనా ఒకేలా ఉంటుంది. పాత గేటైనా, వాన నీటి డ్రమ్మైనా, ఆయిలింజనైనా తేడా తెలియదు. ఆ యంత్రానిదే అయిన గుర్తు ఒకటి ఫ్రేములోకి రావాలి. అది దాదాపు ఎప్పుడూ పని జరిగిన చోట దొరుకుతుంది: చెయ్యి పట్టిన చోట, బెల్టు ఒరుసుకున్న చోట, నూనె కారిన చోట, నీళ్ళు చిమ్మిన చోట.

ఆయిలింజనునే చూద్దాం. దాన్ని స్టార్టు చేయాలంటే పైనున్న చిన్న మీటను ఎత్తి లోపలి గాలి బిగింపును వదిలేయాలి. అప్పుడు ఇరుసు కొసకు హ్యాండిలు తగిలించి, బలమంతా పెట్టి తిప్పాలి. చక్రం వేగం అందుకున్నాక మీటను కిందికి వేస్తే ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంటుంది. ఏళ్ళ తరబడి రోజూ ఇదే పని. అందుకే హ్యాండిలు తగిలే ఇరుసు కొస అంచులు గుండ్రబడి ఉంటాయి. చుట్టూ ఇనుము గరుకుగా తుప్పెక్కినా అక్కడ మాత్రం వేలు పెడితే జారుతుంది. మీట కొసకు రంగు ఉండదు, దాని మెడ దగ్గర ఇంకా ఉంటుంది. ఇంధనం గొట్టాల కీళ్ళ దగ్గర డీజిలు చెమ్మగిల్లి, దాని మీద దుమ్ము కూర్చుని, నల్లటి మందపాటి పొర కడుతుంది. ఆ పొర కింద ఇనుముకు తుప్పే ఉండదు. వేడి నీళ్ళు బయటికొచ్చే గొట్టం మూతి దగ్గర, ఉప్పునీటి బావి అయితే, తెల్లటి సున్నపు చారలు. ఒకే యంత్రం మీద జానెడు దూరంలో నునుపు, గరుకు, నలుపు, తెలుపు ఉంటాయి. వీటిలో రెండిటిని ఒక ఫ్రేములో కలపగలిగితే బొమ్మ సగం కుదిరినట్టే.

ఇవన్నీ కనిపించాలంటే యంత్రం ఎలా పనిచేసేదో తెలియాలి. తెలియకపోతే ఊళ్ళో అడగాలి. ఆ ఇంజనును నడిపిన పెద్దాయన ఒకరు దొరికితే, ఎక్కడ చెయ్యి కాలేదో, ఏ నట్టు ఎప్పుడూ వదులయ్యేదో, ఎవరు హ్యాండిలు కొడితే అందుకునేదో చెబుతాడు. పది నిమిషాల ఆ మాట ఖరీదైన లెన్సు కంటే ఎక్కువ ఉపయోగం. కెమెరా సంచిలోనే ఉంచి అరగంట చుట్టూ తిరిగి చూడటం కొందరికి వృథాగా అనిపిస్తుంది. క్లోజప్‌కు అది పనిలో భాగం.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ విషయంలో ఇదే జరిగింది. 1922లో ఆయన జీవనోపాధి కోసం అకేలీ అనే సినిమా కెమెరా కొన్నాడు. జంతువుల చర్మాలతో మ్యూజియం బొమ్మలు తయారుచేసే కార్ల్ అకేలీ, అడవిలో వాడుకోవడానికి వీలుగా రూపొందించిన కెమెరా అది. స్ట్రాండ్ దాంతో పనిచేశాడు. ఆ తర్వాత దాని లోపలి పళ్ళచక్రాలనూ ఫిల్ము దారినీ దగ్గర నుంచి ఫోటోలు తీశాడు. 1923లో ఆ కెమెరాలు తయారయ్యే న్యూయార్కు వర్క్‌షాపుకే వెళ్ళి అక్కడి లేతు మిషనును తీశాడు. ఆ ఫోటోలో వర్క్‌షాపు లేదు, నేల లేదు, మనిషి లేడు. వంపు తిరిగిన ఇనుము, దాని మీద వెలుగు జారిన తీరు, ఒక భాగం ఇంకో భాగం మీద వేసిన నీడ ఉన్నాయి. చూసేవారికి లేతు గురించి ఏమీ తెలియకపోయినా, బరువు తెలుస్తుంది, కొలత తప్పని పనితనం తెలుస్తుంది. తన చేతికి అలవాటైన యంత్రం కాబట్టే ఏ భాగం ముఖ్యమో ఆయనకు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదనుకోవచ్చు.

స్ట్రాండ్ యంత్రాలు కొత్తవి, మెరిసేవి. వానకు తడిసి ఎండకు ఎండిన యంత్రం దగ్గర పని ఇంకా కష్టం, ఇంకా ఫలవంతం. అక్కడ తయారుచేసినవారి ఆకారం ఒకటుంది, వాడినవారి అరుగుదల ఒకటుంది, వాతావరణం చేసిన పని మూడోది. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

ఇక ఫ్రేము కట్టడం. క్లోజప్‌లో దూరాలన్నీ చిన్నవి కాబట్టి చిన్న కదలిక కూడా పెద్ద మార్పు తెస్తుంది. కెమెరా బెత్తెడు పక్కకు జరిగితే వెనకున్న బోల్టు ముందున్న గొట్టం చాటుకు వెళ్ళిపోతుంది. రెండంగుళాలు కిందికి దిగితే ఫ్రేము పై అంచున వేలాడుతున్న తెల్లటి ఆకాశపు ముక్క మాయమవుతుంది. అందుకే అనుభవమున్నవారు బటన్ నొక్కేముందు మధ్యలో ఉన్న వస్తువును చూడరు, దాన్ని ఇప్పటికే చూసేశారు. నాలుగు మూలలూ నాలుగు అంచులూ చూస్తారు. మూలల్లో వెలుగు మచ్చ ఉందా, ఎండుపుల్ల ఏదైనా లోపలికి చొచ్చుకొచ్చిందా, సగం తెగిన నట్టు ఉందా అని. కన్ను వెలుగున్న చోటికి పోతుంది. మూలన వెలుగు ఉంటే అది ఫ్రేము బయటికే దారి తీస్తుంది.

గుండ్రటి భాగాలు చాలామందిని ఇబ్బంది పెడతాయి. యంత్రాల నిండా చక్రాలే. చక్రం అంచు ఫ్రేము అంచును వెంట్రుకవాసిలో తాకితే, లేదా పిసరంత తెగితే, చూసేవారికి అది పొరపాటులాగే కనబడుతుంది. చక్రం మొత్తం కావాలంటే చుట్టూ ఊపిరాడేంత చోటు వదలాలి. లేదా ధైర్యంగా మూడోవంతో సగమో కోసేయాలి. కోసినప్పుడు ఇరుసు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. ఇరుసు ఒక మూలకు దగ్గరగా ఉండి, ఆకులు ఎదుటి మూలల వైపు విచ్చుకుంటే ఆగిపోయిన చక్రంలోనూ తిరుగుడు కనిపిస్తుంది. సరిగ్గా నడిమధ్య పెడితే చక్రం నిలబడిపోతుంది. నిలబడాలనే ఉద్దేశమైతే అదీ తప్పు కాదు.

ధైర్యంగా కోయడానికి ఉదాహరణ కావాలంటే చార్లెస్ షీలర్ 1939 నాటి 'వీల్స్' చూడాలి. ఫార్చ్యూన్ పత్రిక కోసం ఆయన శక్తి అనే అంశం మీద చిత్రాలు వేయడానికి ఒప్పుకున్నాడు. అందుకోసం న్యూయార్క్ సెంట్రల్ రైల్వే వారి హడ్సన్ రకం ఆవిరి ఇంజనును ఫోటో తీశాడు. పొగగొట్టం లేదు, డ్రైవరు గది లేదు, పట్టాలు దూరానికి సాగిపోయే దృశ్యం లేదు. పెద్ద చక్రాలు, వాటిని కలిపే ఉక్కు కడ్డీలు, పిస్టన్ వైపు భాగం, అంతే. చక్రాలను కూడా ఫ్రేము కోసేసింది. ఆ ఫోటో ఆధారంగానే ఆయన 'రోలింగ్ పవర్' అనే తైలవర్ణ చిత్రం గీశాడు. రైలింజనంతా చూపించిన వేల ఫోటోలు మరుగున పడ్డాయి, ఈ చక్రాలు నిలిచాయి.

ఒక జాగ్రత్త. వెడల్పు లెన్సుతో చక్రానికి మరీ దగ్గరగా వెళితే గుండ్రం కోడిగుడ్డులా సాగుతుంది, ముందున్న బోల్టు గుమ్మడికాయంత కనబడుతుంది. ఫోన్లలో ఈ సమస్య ఎక్కువ. కొన్ని ఫోన్లు మరీ దగ్గరికి వెళ్ళగానే తమంతట తామే వెడల్పు లెన్సుకు మారిపోతాయి కూడా. ఫోనుకు రెండింతలో మూడింతలో దగ్గరకు తెచ్చే రెండో లెన్సు ఉంటే, ఒకడుగు వెనక్కి వేసి దాంతో తీయడం మేలు. ఆకారాలు నిజానికి దగ్గరగా ఉంటాయి, తీసేవారి నీడ కూడా యంత్రం మీద పడదు.

ఫోకస్ లెక్క తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ స్పష్టంగా పడే మందం వేగంగా తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో పోస్టుకార్డంత భాగాన్ని, లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెట్టి తీస్తే, స్పష్టంగా ఉండే మందం సుమారు ఒక సెంటీమీటరు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 16కు వెళితే రెండు సెంటీమీటర్లు. తపాలా బిళ్ళంత భాగానికి దిగితే, అదే ఎఫ్ 8 దగ్గర ఒక్క మిల్లీమీటరే మిగులుతుంది. అంటే నట్టు తల స్పష్టంగా ఉంటే దాని కిందున్న వాషరు మసకబారుతుంది. ఎఫ్ 22 దాకా మూసేస్తే సరిపోతుందనుకుంటారు కానీ, అంత చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు చెదిరి బొమ్మంతా కాస్త మెత్తబడుతుంది.

దీనికి ఖర్చులేని మందు ఒకటుంది: కెమెరా వీపును వస్తువు ముఖానికి సమాంతరంగా పెట్టడం. రేకు, తయారీదారు పేరున్న మేకర్ పలక, ట్యాంకు పక్క, చక్రం ముఖం, ఇవన్నీ చదునైనవి. వాటికి ఎదురుగా, ఏ వైపూ ఒరగకుండా నిలబడితే ఆ ఒక్క సెంటీమీటరు మందంలోనే అంతా ఇమిడిపోతుంది. పక్కనుంచి ఏటవాలుగా తీస్తే ఒక గీత మాత్రమే స్పష్టంగా వస్తుంది. కళాత్మకంగా ఉంటుందని కొందరు అలాగే తీస్తారు. పదింటిలో తొమ్మిదిసార్లు అది చూసేవారికి చిరాకు.

చదునుగా చూడటంలో ఎంత లోతుందో ఆరన్ సిస్కిండ్ చూపించాడు. 1930లలో న్యూయార్కు పేదల జీవితాన్ని డాక్యుమెంట్ చేసిన ఫోటోగ్రాఫర్ ఆయన. 1940లలో దారి మార్చాడు. 1944లో మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ రేవులో చెక్కల మీద పడి ఉన్న చేతితొడుగునూ తాళ్ళనూ ఎదురుగా నిలబడి, దగ్గర నుంచి తీశాడు. తర్వాత పెచ్చులూడిన గోడలూ చిరిగిన పోస్టర్లూ అదే తీరులో తీశాడు. దూరం, లోతు, ఆకాశం తీసేసి ఒక్క తలాన్నే మిగిల్చాడు. వానకు నానిన ఇంజను ట్యాంకు మీద పచ్చరంగు పొరలుగా లేచి కింద ఎర్రటి ఇనుము తొంగిచూస్తుంటే, ఆయన పద్ధతి అక్షరాలా పనికొస్తుంది.

రంగు అలా ఎందుకు లేస్తుందో తెలిసినవారు ఎక్కడ వెతకాలో కూడా తెలుసుకుంటారు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది మొదటి ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు పొర కింద ఉబ్బి దాన్ని పైకి తంతుంది. తుప్పుకు నీరూ గాలీ రెండూ కావాలి కాబట్టి నీళ్ళు నిలిచే చోటే అది మొదలవుతుంది: రివెట్ తల కింది అంచున, రెండు రేకులు కలిసే సందులో, బోల్టు చుట్టూ. సముద్రపు గాలిలోని ఉప్పు దీన్ని ఇంకా తొందరపెడుతుంది. ఒక్కో లోహం ముసలితనం ఒక్కోలా ఉంటుంది. పోత ఇనుము గరుకుగా, రవ్వరవ్వగా తుప్పెక్కుతుంది. వంద నూటయాభై ఏళ్ళనాటి చేత ఇనుములో సన్నటి చిట్టెపు పోగులు సాగి ఉంటాయి కాబట్టి అది తుప్పుపడితే పాత కలప నారలా గీతలు తేలుతుంది. మొదటిసారి చూసినవారు కట్టె అనుకుని తట్టి చూస్తారు. ఇత్తడికీ రాగికీ తుప్పు పట్టదు, ఆకుపచ్చటి చిలుము పడుతుంది. ఇనుము మధ్య ఒక ఇత్తడి కుళాయో నూనె గిన్నో ఉంటే ఎర్రదనం మధ్య ఆ పచ్చ చుక్క ఫ్రేముకు ప్రాణం పోస్తుంది. అది ఎంత చిన్నదైతే అంత మేలు.

ఇక వెలుగు. గరుకుదనం కనబడాలంటే వెలుగు పక్కనుంచి గీరుకుంటూ రావాలి. పొద్దున మొదటి గంట, సాయంత్రం చివరి గంట దీనికి మంచివి. ఒక్కో పెచ్చుకు నీడ పడుతుంది, మేకర్ పలక మీది ఉబ్బెత్తు అక్షరాలు లేచి నిలబడతాయి. కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా కొడితే ఆ నీడలన్నీ చచ్చిపోతాయి, ఇనుము కాగితంలా కనబడుతుంది. నడినెత్తి ఎండ ఇంకా చెడ్డది. తెలుగునాట వేసవిలో పదింటికే అది మొదలవుతుంది. అప్పటికి తీసేవారు నీడన కూర్చోవడం మంచిది. మబ్బు పట్టిన రోజు మాత్రం రోజంతా పనికొస్తుంది. లోపలి చీకటి సందులూ పైన మెరిసే అంచులూ రెండూ అందులో పడతాయి. వాన వెలిసిన అరగంట అన్నిటికంటే విలువైన సమయం: తడిసిన తుప్పు ముదురు రంగుకు దిగుతుంది, పొడిగా ఉన్నప్పుడు కలిసిపోయిన నాలుగైదు ఎరుపులు విడివిడిగా కనిపిస్తాయి.

తడి మీద, పాత రంగు మీద, నూనె మీద తెల్లటి తళుకు అడ్డొస్తే పోలరైజర్ ఫిల్టరు తిప్పి తగ్గించవచ్చు. ఒట్టి లోహపు మెరుపు మీద మాత్రం అది పనిచేయదు. ఇది తెలియక ఫిల్టరు పాడైందని అనుకునేవారున్నారు. అక్కడ చేయాల్సింది కోణం మార్చడం, లేదా ఆ లోహంలో ప్రతిఫలించేదాన్ని మార్చడం. ఒక తెల్లటి థర్మోకోల్ పలకను పక్కన పట్టుకుంటే మెరుపు మెత్తటి తెల్లటి పట్టీగా మారుతుంది, నీడలోని సందుల్లోకీ కాస్త వెలుగు పోతుంది. థర్మోకోల్ లేనిచోట తెల్ల పంచె చాలు.

నల్లటి యంత్రం ఫ్రేమును నింపితే కెమెరా మోసపోతుంది. అంత నలుపు ఉండదనుకుని దాన్ని బూడిద రంగుకు తెచ్చేస్తుంది. ఎక్స్‌పోజరును అరమెట్టు నుంచి ఒక మెట్టు దాకా తగ్గిస్తే ఇనుము బరువు తిరిగొస్తుంది. రంగుల విషయంలోనూ అంతే. ఆటోలో వదిలేస్తే కెమెరా ఎర్రదనాన్ని చల్లార్చాలని చూస్తుంది. పగటి వెలుగుకో మబ్బుకో స్థిరంగా పెట్టడం నయం. తర్వాత ఎడిటింగులో తుప్పును నిప్పులా మండించే అలవాటు చాలా చోట్ల కనిపిస్తోంది. నిజమైన తుప్పులో గోధుమరంగు, వంగపండు ఛాయ, పసుపు, నలుపు ఉంటాయి. నారింజ ఒక్కటే పెంచితే అవన్నీ మునిగిపోతాయి. ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడటం మంచి పరీక్ష. రంగు తీసేశాక కూడా నిలబడే ఫ్రేములో నిర్మాణం ఉన్నట్టు. కూలిపోతే, రంగే అంతా మోస్తున్నట్టు.

అక్షరాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్రేములో అక్షరం ఉంటే కన్ను ముందు దాన్నే చదువుతుంది. పాత ఇంజన్ల పలకల మీద రాజ్‌కోట్ అనో, పంపుల మీద కోయంబత్తూరు అనో పోతపోసి ఉంటుంది. మన పొలాలకు నీళ్ళు తోడిన ఇనుము ఏ ఊళ్ళ నుంచి వచ్చిందో అది చెబుతుంది. ఆ మాట కావాలంటే పూర్తిగా ఉంచాలి. అక్కర్లేకపోతే పూర్తిగా తీసేయాలి. సగం తెగిన ఊరిపేరు చూసేవారిని పజిలులోకి దింపుతుంది, ఇక ఇనుమును చూడనివ్వదు.

ఇంత అభ్యాసానికి బావి గట్టు దాకా పోనక్కర్లేదు. చాలా ఇళ్ళలో మూలన ఒక తొక్కుడు కుట్టుమిషను ఉంటుంది. నల్లటి మెరుగు మీద బంగారు రంగు లతలు వేసిన పాత సింగరో, ఉషానో. జాగ్రత్తగా చూస్తే ఆ లతలు అంతటా ఒకేలా చెరిగి ఉండవు. సూది వెనక భాగంలో కొత్తగా మెరుస్తుంటాయి. కుట్టేవారి ఎడమచెయ్యి ఆనిన చోట, ముందంచున బట్ట జారిన చోట పూర్తిగా పోయి కింది లోహం కనిపిస్తుంది. చేతిచక్రం అంచు నున్నగా అరిగి ఉంటుంది. కింద పాదాలు తొక్కిన ఇనప జాలీకి నడుమ రంగు ఉండదు, మూలల్లో ఉంటుంది. కిటికీ పక్కకు జరిపితే పక్క వెలుగు ఉచితం. వారం రోజులు రోజుకొక్క ఫోటో, ఒకే మిషను, ఏ రెండు ఫ్రేములూ ఒకే భాగానివి కాకూడదు అనే నియమం పెట్టుకుంటే మూడో రోజుకు తట్టేవన్నీ అయిపోతాయి. నాలుగో రోజున కన్ను పని మొదలుపెడుతుంది. అమ్మమ్మో నాయనమ్మో కుట్టిన మిషను అయితే, వాళ్ళు ఏ చేత్తో ఏం పట్టుకునేవారో తెలిసినవారికి ఆ అరిగిన చోటు మరోలా కనబడుతుంది. ఆ ఎరుక ఫ్రేములోకి తప్పక దిగుతుంది.

ఒకేలాంటి భాగాలు వరసగా ఉన్నచోట ఇంకో పాఠం ఉంది. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆల్బర్ట్ రెంగర్-పాట్ష్ 1920లలో ఆల్ఫెల్డ్‌లోని ఫాగుస్ కర్మాగారంలో చెప్పుల తయారీకి వాడే ఇస్త్రీ పనిముట్లను వరసగా నిలబెట్టి తీశాడు. చూసేవారికి ముందు లయ తెలుస్తుంది, వస్తువు తర్వాత. 1928లో వంద ఫోటోలతో ఆయన పుస్తకం వచ్చింది. దానికి 'వస్తువులు' అని పేరు పెట్టాలన్నది ఆయన కోరిక. ప్రచురణకర్త 'ప్రపంచం అందమైనది' అని పెట్టాడు. ఆయన ఎంచుకున్న పేరే ఈ పనికి సరైనది. రివెట్ల వరస, స్ప్రింగు చుట్లు, పళ్ళచక్రం పళ్ళు తీసేటప్పుడు ఆ లయ ఫ్రేము ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా ఆగకుండా సాగాలి. వరసలో ఒకటి మాత్రం విరిగో, కొత్తది వేసో ఉంటే అక్కడ కన్ను ఆగుతుంది. మార్చిన ఒక్క కొత్త నట్టు ఆ యంత్రాన్ని చివరిదాకా ఎవరో బతికించుకున్నారని చెబుతుంది. దాన్ని ఫ్రేములో ఎక్కడ పెట్టాలన్నది మాత్రమే ప్రశ్న.

పెద్ద యంత్రాల మీద చేయి సాధించాలనుకునేవారికి విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి గొప్ప చోటు. సోవియట్ తయారీ. 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు, లోపల మాత్రం మనిషి భుజాలు పట్టేంత దారి. గోడలేవో గొట్టాలేవో తెలియనంతగా కవాటాల చక్రాలు, మీటర్లు, మీటలు. అక్కడ వెనక్కి జరిగే వీలే లేదు, కాబట్టి క్లోజప్ తప్ప గతిలేదు. ఫోటోలకు ఏ నియమాలున్నాయో టిక్కెట్టు దగ్గరే అడిగి తెలుసుకోవాలి. వెనక జనం వస్తుంటారు, స్టాండు పెట్టే చోటుండదు, వెలుగు తక్కువ. గోడకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకే కవాటం మీద మనసు పెట్టినవారికి ఒక మంచి ఫోటో వస్తుంది. అన్నీ తీయాలనుకున్నవారికి నలభై కదిలిపోయిన ఫోటోలు వస్తాయి. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ గోదావరి ఆనకట్ట పనులకు వాడిన పాత యంత్రాలు ఆరుబయట ఉన్నాయి. గోదావరి మీది పొద్దుటెండ వాటికి పక్కనుంచి తగిలే వేళకు వెళ్ళగలిగితే తొందరేమీ ఉండదు.

పాత యంత్రాల దగ్గర ప్రాణభయం కూడా మాట్లాడుకోవాలి. ఇనుప పెచ్చులకు చెయ్యి తెగుతుంది కాబట్టి ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండాలి. ఇంజను కింది సందుల్లో పాములూ ట్యాంకు లోపల కందిరీగలూ కాపురముంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టాలి. పాత బాయిలర్ల చుట్టూ చుట్టిన బూడిదరంగు పీచులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. బొమ్మ బాగుంటుందని వాటిని గీకడం, ఊదడం వద్దు. ఇంకా నడుస్తున్న రైస్‌మిల్లులో అయితే వేలాడే కెమెరా పట్టీ, చున్నీ, లుంగీ అంచు బెల్టుకు అందకుండా చూసుకోవాలి. మిల్లు ఆయన పొమ్మంటే మారుమాట లేకుండా బయటికి రావాలి.

తుప్పు రాల్చి, నూనె రాసి, సాలెగూడు తీసి 'బాగుచేసి' తీసేవారున్నారు. అది యంత్రం మీద ఉన్న సంవత్సరాలను తుడిచేయడమే. ఎండుటాకు ఒకటి తీయడం వేరు, ఆ నల్లటి డీజిలు పొరను గోకడం వేరు.

అన్నిటికంటే ముఖ్యం, మళ్ళీ వెళ్ళడం. ఎండాకాలం తీసిన ఇంజనును వానాకాలంలో చూస్తే వేరే యంత్రం. ఇంధనం గొట్టం మీద నాచు మొలిచి ఉంటుంది, చక్రం ఆకుల మధ్య తీగ అల్లుకుని ఉంటుంది. మొదటిసారి కనబడని మీట మెడ ఈసారి కనబడుతుంది. అయితే ఆలస్యం చేయకూడదు. పాత ఇనుము కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. ఒకసారి వెళ్ళేసరికి ఇంజను ఉండదు, సిమెంటు దిమ్మె మాత్రం ఉంటుంది. అప్పుడూ కెమెరా లోపల పెట్టకూడదు. సాయంత్రం దాకా ఆగి, మోకాళ్ళ మీద వంగి, దిమ్మెకు సమాంతరంగా పైనుంచి చూడాలి. కోసేసిన నాలుగు బోల్టుల మొండేలు, వాటి మధ్య ఇంజను అడుగు ఆకారంలో నూనె పీల్చుకున్న నల్లటి మచ్చ, ఒక పక్క హ్యాండిలు కొట్టేవాడు కాలు నిలదొక్కుకున్న చోట నున్నగా అరిగిన సిమెంటు ఉంటాయి.